హెడ్‌ఫోన్లకు అడ్డొచ్చిన కమ్మలు

మా ఆయన గుండెకు స్టెంటు వేయించుకుని హైదరాబాదు నుంచి గద్వాలకు తిరిగొచ్చినప్పుడు, డాక్టరు చెప్పిన పథ్యంలో ఉప్పు, నూనె మాత్రమే ఉన్నాయి. పాట లేదు. దాన్ని మా అత్తమ్మ కలిపింది.

"వాడు పండుకున్నప్పుడు ఇంట్ల చప్పుడు కావొద్దు" అంది.

మాది రెండు గదుల ఇల్లు. ఆయన మధ్యాహ్నం నిద్రపోయే మంచానికీ నా స్పీకరుకూ మధ్య ఉన్నది ఒక తెర. స్పీకరు అటక ఎక్కింది.

నేను ధరూర్ వైపు బడిలో టీచర్ని. అప్పుడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. చూడవచ్చిన వాళ్ల ముందు ధైర్యంగానే మాట్లాడేదాన్ని కానీ, ఆయన కళ్లు మూసుకోగానే నాకు భయం పట్టుకునేది. ఛాతీ లేస్తోందా లేదా అని మాటిమాటికీ తెర జరిపి చూసేదాన్ని. చిన్నప్పుడు నాగర్‌కర్నూల్‌లో మా నాన్న రేడియో పెట్టి అలవాటు చేసిన వయొలిన్ వింటే తప్ప ఆ పూట నాకు గడిచేలా లేదు. అది కూడా లేకపోతే రెండో మంచం నేనే పట్టేదాన్ని.

ఒకరోజు ఆయన్ని అత్తమ్మకు అప్పజెప్పి, హెడ్‌ఫోన్లు కొందామని వనపర్తి బస్సెక్కాను. అక్కడ పెళ్లిళ్లకు సౌండు బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది. వెనక గదిలో జానపద పాటలు రికార్డు చేస్తారు.

"ఇంట్ల ఇనెతందుకైతే గీ తెరిచిన రకం మస్తుగుంటది మేడం, చెవులకు గాలి ఆడ్తది" అని దుకాణదారు ఒక హెడ్‌ఫోను తన తలకు తగిలించుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ నాకు కూడా పాట సన్నగా వినబడింది.

"మా ఇంట్ల పేషెంటు ఉన్నడయ్యా. నా పాట నా చెవుల్లనే ఉండాలె" అన్నాను.

"అట్లయితే మూసిన రకం" అని ఇంకొన్ని తీశాడు. మొదటిది డీజే పిల్లలు కొనేదట, వయొలిన్ వెనక ఎవరో డప్పు కొడుతున్నట్టుంది. రెండోది బాగుంది కానీ, దాన్ని నడిపే దమ్ము ఫోనుకు లేదు, వేరే యాంప్లిఫయరు పెట్టె కొనాలన్నాడు. చివరిది స్టూడియోలో పాడేవాళ్లు పెట్టుకునేది. అది దేన్నీ పెంచదు, దేన్నీ దాచదు. కమాను తీగ మీద తిరిగే చోట గరుకు, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా తెలిశాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బజారులో ఏడవడం బాగుండదని గబగబా ధర అడిగాను.

"ఒక్కసారి తలకు పెట్టుకొని చూడరాదు మేడం" అన్నాడతను. నేను వింటేగా. నలుగురి మధ్య కొప్పు చెదురుతుందని, ఒక డిప్పను చేత్తో చెవికి ఆనించుకునే అంతా విన్నాను. మా దిక్కు ఆడవాళ్లం చీరనైనా భుజం మీద వేసుకుని చూసి కొంటాం, కట్టుకుని చూస్తామా?

ఇంటికొచ్చి తలకు పెట్టుకుంటే అసలు సంగతి తెలిసింది. నా కమ్మలు పెద్దవి. డిప్పలు వాటిని అదిమితే వెనక మరలు చెవి వెనక గుచ్చుకున్నాయి. ఒక కీర్తన పూర్తయ్యేసరికి చెవులు మండిపోయాయి. కమ్మలు తీసి గూట్లో పెట్టి మళ్లీ పెట్టుకున్నాను. ఇక చెప్పడానికేముంది, ప్రాణం లేచొచ్చింది. తెర అవతల ఆయన నిద్ర చెదరలేదు.

అంతలో అత్తమ్మ వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏందే గిది? మొగడు మంచంల ఉంటే బోసి చెవుల్తోని కూసున్నవ్?"

"పాట అయినంక పెట్టుకుంట అత్తమ్మా."

"అయినంక ఏంది? ఒక్క గడియ గూడ వద్దు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఎలాగో మింగాను. మర్నాడు మళ్లీ అదే గొడవ. మంచం మీద నుంచి ఆయన, "నా గుండె డాక్టరు చేతుల ఉన్నదో, నీ చెవుల్ల ఉన్నదో నాకే తెల్వకపాయె" అని నవ్వాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపుకుని అంతకన్నా పెద్ద మాటే అన్నాను.

"కమ్మలు తీస్తే మనుషులు పోతరా అత్తమ్మా? ఏ కాలంల ఉన్నవ్ నువ్వు?"

అత్తమ్మ గడప మీద కూలబడింది. "పోయిండు గదనే" అంది.

మామయ్యను నేను చూడలేదు, నా పెళ్లికి ముందే పోయాడు. అంతకు కొద్ది రోజుల ముందు అత్తమ్మకు కడుపునొప్పి వస్తే దవాఖానలో ఏదో స్కానింగు చేశారట.

"ఒంటి మీద ఉన్నయన్నీ తీయిపిచ్చిన్రు. మెడకు పసుపుకొమ్ము కట్టుకున్న. చెవులు యాదికే రాలే, బోసిగనే ఇంటికొచ్చిన. అదే వారంల మీ మామ చేన్ల పడిపోయిండు. ఎవ్వరికి చెప్పలే బిడ్డా. చెప్తే నా వల్లనే పోయిండంటరని."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "నీ వల్ల కాదు అత్తమ్మా. ఆయన గుండె ఆగింది, గంతే."

"ఏమో, నాకు తెల్వదు" అంది. ఇన్నేళ్లు ఆ బరువును ఒంటరిగా మోసిన మనిషి మీద నేను కాలం గురించి ఉపన్యాసం ఇచ్చానే అని సిగ్గేసింది. కమ్మలు పెట్టేసుకుని హెడ్‌ఫోన్లు డబ్బాలో సర్దాను. తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

మర్నాడు అన్నాలు తిని ఆయన పడుకున్నాక అత్తమ్మ నా దగ్గరికొచ్చింది. చేతిలో రెండు వేపపుల్లలు. ఆడపిల్లలకు చెవులు కుట్టించాక బెజ్జాలు పూడిపోకుండా పెడతామే, అవి. తోలు తీసి, చివరలు నున్నగా గీకి, పసుపు పూసింది.

"చెవులు బోసిగ ఉండొద్దు, గంతే. కమ్మలే ఉండాల్నని ఎవలు చెప్పిన్రు?"

తనే నా కమ్మలు తీసి పుల్లలు గుచ్చింది. డబ్బా తెరిచి హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టింది. పుల్లలు డిప్పల కింద ఎక్కడా తగల్లేదు. ఫోను మీదికి పోతున్న నా చెయ్యి పట్టుకుని, ఒక డిప్పను కొంచెం పక్కకు జరిపింది.

"రోజు తెర జరిపి సూస్తున్నవ్, నాకు ఎరికలేదా? నువ్వు పాట విను బిడ్డా. వాడు ఊపిరి తీస్తుండో లేదో నేను సూస్త."

డిప్పను మళ్లీ నా చెవికి సరిచేసి, వెళ్లి కొడుకు మంచం పక్కన కూర్చుంది. ఆయన జబ్బు పడ్డాక నేను కళ్లు మూసుకుని పాట విన్నది ఆ రోజే.