కుదుపుల కారులో రొయ్య పిల్లలు

రొయ్య పిల్ల ఎలా ఉంటుందో చూడాలన్న సరదాతో నేను బయలుదేరిన ప్రయాణమిది. మా మరిది శ్రీను భీమవరం పక్కన రొయ్యల చెరువు చేస్తాడు. కిందటి పంట తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయింది. "ఇది కూడా పోతే చెరువు అమ్మేసి ఏదైనా కొట్లో గుమాస్తాగా చేరిపోతాను వదినా" అని మా ఇంట్లో భోజనం దగ్గర నవ్వుతూనే అన్నాడు గానీ, మజ్జిగ కలుపుకోకుండానే లేచిపోయాడు. కొత్త పంటకు ఉప్పాడ దగ్గర హేచరీ నుంచి సీడు తేవాలి. సీడంటే కనురెప్ప వెంట్రుకంత ఉండే రొయ్య పిల్లలే. నేనూ వస్తానన్నాను. "దారి పొడుగునా ప్రశ్నలు వెయ్యనంటే రండి" అన్నాడు. వెయ్యనని మాట ఇచ్చాను. అది తణుకు దాకా కూడా నిలవలేదు.

తొంభైల చివరి మాట ఇది. శ్రీనుకు పాత డీజిల్ అంబాసిడర్ ఉండేది. సీడు సంచులకు చోటు కోసం వెనక సీటు తీసేసి, భోజనాలయ్యాక రెండింటికి బయలుదేరాం. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెంలో అరటిపళ్ళు కొనడానికి ఆగినప్పుడు, ఊరికే నిలబడి ఉన్న ఇంజను వణుకుతోందని గమనించాను. నా ఒళ్ళో ఉన్న అరటిపళ్ళ హస్తం కూడా వణుకుతోంది.

"ఎందుకలా వణుకుతోంది?"

"ముసలి బండి వదినా. మీకూ ఆ వయసొస్తే తెలుస్తుంది."

జొన్నాడ, రామచంద్రపురం మీదుగా దీపాలు పెట్టే వేళకు కాకినాడ చేరాం. బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. అక్కడ దిగేవాళ్ళు మేడ మీది గదులు అడగండి, కింద గదుల్లో దోమలు మనల్ని మోసుకుపోతాయి. భోజనం మాత్రం బాగుంది. గోంగూర పచ్చడి రెండోసారి అడిగినా విసుక్కోలేదు.

తెల్లవారుతుండగానే ఉప్పాడ దారి పట్టాం. అక్కడ సముద్రం రోడ్డును అంచు నుంచి కొరుక్కుంటూ వస్తోంది. నిరుడు శ్రీను వచ్చిన దారి ఇప్పుడు నీళ్ళలో ఉందట. హేచరీలో శ్రీను ఒక తెల్ల బేసిన్‌లో సీడు పోయించి, వేలితో నీళ్ళను సుడి తిప్పాడు. పిల్లలన్నీ సుడికి ఎదురీదాయి. నీటితో పాటు కొట్టుకుపోయేవైతే ఆ సీడు కొనకూడదట. అంత చిన్న ప్రాణానికి అంత పట్టుదలా అని నేను బేసిన్ మీద వంగి ఉండిపోయాను. శ్రీను వచ్చి "వదినా, ఇక చాలు" అనేదాకా లేవలేదు.

సంచుల్లో నీళ్ళు, సీడు పోసి, ఆక్సిజన్ నింపి, మూతి బిగించి, మధ్యమధ్య ఐసు పొట్లాలు పెట్టి కారులో సర్దారు. చెరువు గట్టు మీది తొట్టికి గాలి పెట్టుకోవడానికని శ్రీను వేలు లావున్న, లోపలిది బయటికి కనపడే ప్లాస్టిక్ గొట్టం ఒక చుట్ట కూడా కొన్నాడు. "చీకటి పడేలోగా చెరువులో వదిలెయ్యాలండి. ఎండలో ఎక్కడా ఆగొద్దు" అని హేచరీ సూపర్‌వైజరు మరీమరీ చెప్పాడు.

రాజమండ్రిలో ఐసు మార్చుకోవచ్చని తిరుగు దారి అటు పెట్టుకున్నాం. ఆగొద్దన్నందుకే అన్నట్టు సామర్లకోట రైల్వే గేటు దగ్గర ఆగాం. గూడ్సు బండి వెళ్ళేలోపు మా ఇంజను పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. గేటు తీశాక యాక్సిలరేటర్ తొక్కితే కారు ముందుకు ఉరికి, వెంటనే ఎవరో వెనక్కి లాగినట్టు ఆగి, మళ్ళీ ఉరికింది. అక్కడి మెకానిక్ డీజిల్ ఫిల్టరు మార్చాడు. కారు చక్కగా కదిలింది. హమ్మయ్య అనుకున్నాం. బిక్కవోలు దాటేసరికి మళ్ళీ అదే కుదుపు. సంచుల్లో నీళ్ళు తొణుకుతుంటే శ్రీను చెమటలు తుడుచుకుంటూ వెనక్కే చూస్తున్నాడు. నాకు మొదటిసారి భయం వేసింది.

అనపర్తిలో ఒక షెడ్డు ముందు ఇంజను ఆగిపోయింది. మెకానిక్ సత్తిబాబు గారు ముందు సంచుల మీద తడి గోనెలు కప్పించి, తర్వాత బానెట్ ఎత్తారు. "డీజిల్ పంపు దింపాలండి. రేపు సాయంత్రానికి ఇచ్చేత్తాను" అన్నారు. శ్రీను టాక్సీ కోసం పరుగెత్తాడు. ముహూర్తాల రోజది. ఊళ్ళో కార్లన్నీ పెళ్ళివారివే. ఉత్త చేతులతో వచ్చి షెడ్డు అరుగు మీద కూలబడ్డాడు.

నేను ఊరుకోలేక అడిగాను. "ఫిల్టరు మార్చగానే బాగా నడిచింది కదండీ. పంపు పాడైతే అప్పుడు మాత్రం ఎలా నడిచింది?"

సత్తిబాబు గారు రెంచి కింద పెట్టారు. "ఫిల్టరు మార్చినోడు హ్యాండ్ పంపు కొట్టి డీజిల్ లైన్లో గాలి తీసేసుంటాడండి. అంటే..." అని మళ్ళీ ఇంజను మీదికి వంగి, "గాలి ఎక్కడో తీసుకుంటోందండి బండి" అన్నారు. ఆయన కళ్ళలోనూ ఆసక్తి పుట్టింది. పంపు పాడైతే నల్ల పొగ రావాలట, అది లేకపోవడం తనకూ అనుమానంగానే ఉందన్నారు.

"ఎక్కడా డీజిల్ కారట్లేదే?"

"ఇది పీల్చే లైనండి. చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికెళ్తాది. అందుకే కంటికి కనపడదు."

"లోపల చూడ్డానికి వీలు లేదా?"

ఆ మాటకు శ్రీను తలెత్తాడు. కారు దగ్గరికి వెళ్ళి ప్లాస్టిక్ గొట్టం చుట్ట పట్టుకొచ్చాడు. సత్తిబాబు గారు నవ్వారు. జానెడు ముక్క కోసి, ఫిల్టరుకు ముందున్న నల్ల డీజిల్ గొట్టానికి బదులు బిగించి, గాలి తీసి స్టార్ట్ చేశారు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. పసుపురంగు డీజిల్‌లో బుడగలు వరుస కట్టి పోతున్నాయి. ఒక బుడగల గుంపు లోపలికి వెళ్ళిన మరుక్షణం ఇంజను ఊగింది. కనపడని జబ్బు కళ్ళెదుట నడిచి వెళ్తుంటే, సీడు సంగతి కూడా మరిచి "అదిగో! అదిగో!" అని అరిచాను.

అదే ముక్కను వెనక్కి, ట్యాంకు వైపు జరుపుతూ వచ్చారు. ప్రతిచోటా బుడగలే. చివరికి సత్తిబాబు గారు కారు కిందికి దూరి, "ఎవడండీ ఇది కట్టింది?" అని కేకేశారు. ట్యాంకు దగ్గర గొట్టం అతుకుకు క్లిప్పు లేదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. డీజిల్ తగిలి ఆ రబ్బరు ఉబ్బి, వదులై, జిగురు తేలింది.

"నేనే" అన్నాడు శ్రీను.

పదిహేను రోజుల కిందట పక్క చెరువు రాజుగారి దగ్గర కరెంటు పోయిందట. జనరేటరులో డీజిల్ అయిపోయింది. చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగితే గాలి అందక రొయ్యలు తేలిపోతాయి. అలాంటప్పుడు మా వైపు డీజిల్ అడిగితే, మాటలు లేనివాళ్ళు కూడా కాదనరు. శ్రీనుకూ రాజుగారికీ గట్టు తగాదా ఉంది. అయినా శ్రీను తన కారు గొట్టం ఊడబెరికి డీజిల్ పట్టించి, ఆ కంగారులో క్లిప్పు కనపడక ట్యూబు చుట్టేశాడు. మళ్ళీ నింపించిన ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు బండి సర్దుకుంది. డీజిల్ తగ్గేకొద్దీ గాలి పీల్చడం మొదలెట్టింది.

"ఆయ్, మంచి పని చేశారండి. సగమే చేశారు" అన్నారు సత్తిబాబు గారు, క్లిప్పు బిగిస్తూ.

పన్నెండు దాటాక బయలుదేరాం. రాజమండ్రిలో ఐసు మార్చి, ఎక్కడా భోజనానికి ఆగలేదు. పొద్దు వాలుతుండగా చెరువు చేరాం. నీళ్ళ వేడికి అలవాటు పడేందుకు సంచులను కాసేపు నీళ్ళ మీద తేలేసి, ఒక్కొక్కటే విప్పాడు. రెండు సంచుల్లో పిల్లలు తెల్లగా అడుగుకు చేరిపోయాయి. వాటిని పక్కన పెట్టాడు. మిగతావన్నీ బతికే ఉన్నాయి. సంచి మూతి నీళ్ళలో ముంచగానే మసకలా విడిపోయి, కనపడకుండా చెరువులో కలిసిపోయాయి. శ్రీను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు.

భీమవరంలో మా ఇంటి దగ్గర దింపడానికి వస్తుంటే ఇంజను మెత్తగా నడిచింది. ఉప్పాడ వెళ్ళేవాళ్ళు సముద్రం చూసి వస్తారు. నేను బుడగలు చూసి వచ్చాను. నా మాట ప్రకారం నోరు కట్టుకుని, ఇంటి ముందు దిగేటప్పుడు మాత్రం ఒక్కటి అడిగాను.

"మళ్ళీ రాజుగారికి కరెంటు పోతే?"

"పీకుతాను వదినా. ఈసారి క్లిప్పు జేబులో పెట్టుకుని పీకుతాను."