చేతిలో ఊగిన ఫోను

పోయినవి ముందు రాస్తాను. మా ఆవిడ ఒంట్లోంచి నాలుగు కిలోలు. రాత్రికి మూడు గంటల చొప్పున రెండు నెలల నిద్ర. పొయ్యి దగ్గర తనలో తను తీసుకునే కూనిరాగం. సగానికి తగ్గిన మాత్ర మళ్లీ ఒకటిన్నర అయింది. ఇదంతా నా లెక్క వల్లే.

నాది కొబ్బరికాయల లెక్క. బళ్లో అయిదో తరగతి దాటలేదు. చెట్లెక్కి దింపు తీసిన తోటల్లో కాయలు ఎంచుతూ నేర్చుకున్నాను. మొదటి కాయను ఒకటి అనం, లాభం అంటాం. అక్కడి నుంచి రెండు, మూడు.

వాళ్లమ్మ పోయాక మా ఆవిడ మంచం దిగడం మానేసింది. రాజమండ్రి డాక్టరు గారు మాత్రలు రాసి, ఆరు నెలలు రోజూ సాయంత్రం నడిపించండి, ఒంటరిగా పంపకండి, పక్కన మీరుండాలి అన్నారు. నూట ఎనభై సాయంత్రాలని ఒక అట్ట మీద గళ్లు గీసుకున్నాను.

కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్లి వచ్చేవాళ్లం. మొదటి నెల మాటే లేదు. రెండో నెలలో బాతులు తోలుకెళ్లే ఆవిడతో ఆగి కబుర్లాడింది. మూడో నెలలో నన్నే ఎగతాళి చేసింది, కాయలు ఎంచీ ఎంచీ మీ మెడ వంగిపోయిందండీ, ఆకాశం ఎప్పుడైనా చూశారా అని. నాకు మాత్రం తను ఆగినప్పుడల్లా అడుగులు పోతున్నాయనిపించేది. ఫోనులో అడుగులు ఎంచే యాప్ పెట్టి, రోజుకి ఆరువేలు అని చెప్పాను.

నూట పన్నెండు రోజులయ్యాక తోటల్లో దింపులు ముమ్మరమయ్యాయి. నువ్వు నడిచొచ్చి అంకె చూపించు చాలు అన్నాను. రోజూ చూపించింది. ఆరువేల పది, ఆరువేల నలభై. ఒక్కరోజూ తగ్గలేదు. మనిషి తగ్గిపోతోందని నేను చూడలేదు, అంకె చూశాను.

నూట ఎనభయ్యో రోజున వాన పడి పని ఆగితే నాలుగింటికే ఇంటికొచ్చాను. కిటికీ మూసిన గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో ఫోను. ఉయ్యాల ఊపినట్టు ముందుకీ వెనక్కీ ఊపుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

"ఇంకో రెండొందలే ఉన్నాయండి" అంది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. నేను రావడం మానేసిన రెండో రోజు నుంచేనట. మొదటి రోజు గట్టు మీద ఒక్కతే ఉంటే అమ్మ గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయట.

"మీకు కావాల్సింది అంకే కదండీ. అది ఇంట్లో కూర్చున్నా వస్తోంది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

డాక్టరు గారు నన్నేమీ అనలేదు. మాత్ర పెంచి, నడక మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఇప్పుడు ఫోను ఇంట్లో వదిలి వెళ్తాను. తను రోజూ రాదు. వచ్చిన రోజు తను ఎక్కడ ఆగితే నేనూ అక్కడ ఆగుతాను, అడుగులు ఎంచను. పక్కన నేను లేని సాయంత్రాలను మాత్రం ఎంచకుండా ఉండలేకపోతున్నాను. మొత్తం అరవై ఎనిమిది. నిన్నటితో పదకొండు తీరాయి. ఇంకా యాభై ఏడు బాకీ.