పుత్తూరుకు ఒక్కపూట పట్టిన స్పీడు

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, నా నెత్తిన వెంట్రుకలు ఇప్పటికన్నా కాస్త ఎక్కువ, అంతే) పుత్తూరు ఇంటర్నెట్ చరిత్రను మలుపు తిప్పిన మహాసంగ్రామం ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. వీరగాథలా చెప్పాలనే కూర్చున్నాను. తీరా తలచుకుంటే జరిగింది ఒక పెట్టె మార్చడం.

కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో మూడు నెలల ట్రయల్ మీద ఉన్నాను. ఆ శనివారంతో గడువు సరి. ఉంచుకునేదీ పంపేసేదీ సాయంత్రం చెబుతానన్నాడు ఓనరన్న. ముందురోజు పాత రౌటరు కాలిపోతే, ఆయన చెన్నై నుంచి వేరే కంపెనీది చవకగా తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, నన్ను బిగించమన్నాడు. బిగించాను. అరగంటలో ఫోన్లు మొదలయ్యాయి. నా పని అయిపోయిందనుకున్నాను. స్పీకర్లో టైలరన్న గొంతు: "ఏం జేసినారప్పా? సినిమా దించుకుంటే టీ తాగేలోపల దిగిపోయిండాది." తర్వాత టీచరమ్మ, తర్వాత మెడికల్ షాపాయన, అందరిదీ అదే పాట. ఓనరన్న నా భుజం తట్టి, "సూడు, మావోడి చెయ్యి మంచిది" అన్నాడు. నేనూ ఊరుకోకుండా, "కొంచెం ట్యూన్ చేసినాన్నా" అన్నాను. (ఏం ట్యూన్ చేశానో నన్నడగొద్దు.)

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. కస్టమరు లాగిన్ అయినప్పుడు మా ఆఫీసులోని రేడియస్ సర్వరు అనే కంప్యూటరు పాస్‌వర్డు సరిచూసి, "ఇతన్ని రానియ్యి" అని రౌటరుకు చెబుతుంది. వెంట ఒక చీటీ కూడా పంపుతుంది, ఇతనికి ఇంత స్పీడే ఇవ్వాలని. పుస్తకాల్లో దాని పేరు వెండర్ స్పెసిఫిక్ ఆట్రిబ్యూట్. ఒక్కో కంపెనీ రౌటరుకు ఒక్కో తీరులో రాయాలి. మా చీటీ ఇంకా పాత కంపెనీ తీరులోనే పోతోంది. కొత్త పెట్టె అది అర్థంకాక కిమ్మనకుండా పక్కన పడేసి, అందరికీ తలుపులు బార్లా తెరిచింది. సాయంత్రం ఊరంతా ఇంటికొచ్చి ఫోన్లు తెరిస్తే లైను మొత్తం మూసుకుపోతుంది, దాంతో నా ఉద్యోగమూ. ఇప్పుడే చెబితే పొద్దుటి పరువు పోతుంది. ఓనరన్న దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఇది నా గొప్ప గాదు. ఆ పెట్టెకు మన చీటీ చదివేది రాదు."

"మరి నిమ్మకాయ?"

"అదీ గాదన్నా."

నా సంగతి కన్నా నిమ్మకాయ సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "చీటీ మారిస్తే?"

"పాత స్పీడేన్నా."

"ఊరంతా తిడతారు గదరా."

"తిడతారన్నా."

మార్చాను. పది నిమిషాల్లో టైలరన్న ఫోను, ఈసారి ఎత్తింది నేనే. "పొద్దన బిగించినాడే, ఆ పిల్లోడ్ని పంపించండప్పా. ఇప్పుడుండేవాడికి ఏమీ రాదు." "సరేన్నా, చెప్తా" అని పెట్టేశాను.

సాయంత్రం ఓనరన్న తాళం వేస్తూ, "సోమారం రా" అన్నాడు. నిజం చెప్పినందుకే ఉంచుకున్నాడని ఎన్నాళ్లు మురిసిపోయానో. అప్పటి నాలోని ఆ అమాయకుణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. ఆ ఆఫీసులో సర్వరు పాస్‌వర్డు తెలిసింది నాకొక్కడికే.