సిత్రాలో గడ్డకట్టిన గొట్టం, బుదైయాలో ఆగిన పెళ్లిచూపులు

బహ్రెయిన్ వెళితే ఏం చూడాలని అడిగినవాళ్లకు అందరూ కోట చూడమంటారు, సీఫ్‌లో మాల్స్ చూడమంటారు. జనవరిలో ఒక శుక్రవారం నేను అవేవీ చూడలేదు. సిత్రాలో ఒక రసాయనాల యార్డులో కూర్చుని, ఇనప గొట్టంలో గడ్డకట్టిన సరుకు ఎప్పుడు కరుగుతుందా అని ఎదురుచూశాను. నేను ఆ రోజు బయల్దేరింది మా సూర్యారావు అన్నయ్యకు పెళ్లి కుదర్చడానికి. అన్నయ్య మా పెదనాన్నగారి అబ్బాయి, ఆ యార్డులో ఫోర్‌మన్. వదిన పోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా క్యాంపు గదిలోనే ఉంటున్నాడు. పెళ్లికూతురు సత్యవతి, పాలకొల్లు వైపు మనిషి. భర్త పోయాక ఇక్కడికి వచ్చి, బుదైయాలో ఒక విల్లాలో ఇంటిపని చేస్తోంది. మహూజ్‌లో మా ఆడపడుచు ఇంట్లో వ్రతం జరిగినప్పుడు వంట సాయానికి వచ్చింది. ఆమె పులిహోర కలిపే తీరు, దానికంటే ఎక్కువగా ఆమె నవ్వే తీరు చూసి నాకు అన్నయ్య గుర్తొచ్చాడు. ఈ వయసులో పెళ్లిచూపులేమిటని ఇద్దరూ సిగ్గుపడ్డారు గానీ వద్దని ఇద్దరూ అనలేదు.

తొందర ఎందుకంటే, సత్యవతి పనిచేసే ఇంటివాళ్లు మకాం మస్కట్‌కు మారుస్తున్నారు. తమతో వస్తావో రావో శుక్రవారం రాత్రికల్లా చెప్పమన్నారు. "మనిషిని చూసి, నాలుగు మాటలు మాట్టాడి, అప్పుడు చెప్తానండి" అంది సత్యవతి. ఆమెకు శుక్రవారం మూడింటి నుంచి ఆరింటి వరకు సెలవు. అన్నయ్యకూ సెలవే గానీ పొద్దున ఒక ట్యాంకర్ ఖాళీ చేయించే పని పడింది. తొమ్మిదికల్లా అయిపోతుందని, నన్ను యార్డుకే వచ్చేయమని, అక్కణ్నుంచి కలిసి బుదైయా వెళదామని అన్నాడు. ఇంతకంటే వీలైన ఏర్పాటు ఉండదనుకున్నాను.

పొద్దున ఏడింటికి మహూజ్‌లో టాక్సీ ఎక్కాను. సెలవు రోజు కావడంతో రోడ్లు ఖాళీ, ఇరవై నిమిషాల్లో సిత్రా చేరాం, మూడు దినార్లలోపే అయింది. ఉత్తరం నుంచి గాలి కోసేస్తోంది. డ్రైవరు ఉన్ని టోపీ చెవుల కిందికి లాక్కుని, కారులో హీటర్ వేసుకుని ఉన్నాడు. గల్ఫ్‌లో చలేమిటని నేను స్వెట్టర్ తెచ్చుకోలేదు. నా పల్చటి శాలువా చూసి ఆయన, "సిస్టర్, దిస్ ఈజ్ బహ్రెయిన్ వింటర్, నో జోక్" అన్నాడు. కారు తెర మీద పదకొండు డిగ్రీలు చూపిస్తోంది. ఆ అంకె ఆ రోజు నా పాలిట ఎంత పని చేస్తుందో అప్పటికి తెలియదు.

గేటు దగ్గర హెల్మెట్, కళ్లద్దాలు ఇచ్చి, పసుపు గీత దాటవద్దని రెండుసార్లు చెప్పి, అన్నయ్య నన్ను కేబిన్‌లో కూర్చోబెట్టాడు. ఆ యార్డులో నిలవ ఉంచేది ద్రవంగా ఉండే కాస్టిక్ సోడా. సబ్బులకు, నీటి శుద్ధికి వెళ్లే సరుకు. చూస్తే నీళ్లలా ఉంటుంది, పడితే చర్మం ఊడిపోతుంది. ట్యాంకు చుట్టూ, కారినా బయటికి పోకుండా ఒక అడ్డుగోడ ఉంది. పని మొదలుపెట్టేముందు అన్నయ్య ఒక మూలనున్న షవరు తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకున్నాడు. "ఒంటిమీద పడితే దీని కింద పావుగంట నిలబడాలే చిట్టీ. ఈ చలికి నీళ్లు ఐసుముక్కలా ఉంటాయి, రెండు నిమిషాలకే బయటికొచ్చేస్తారు. చలికాలంలో ఒళ్లు కాలేది అలాగే" అన్నాడు. మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి, పని గురించయితే ఎంతసేపైనా చెబుతాడు.

ట్యాంకర్ డ్రైవరు రహీం భాయ్ పెషావర్ మనిషి. గొట్టం తగిలించి పంపు వేశారు. కాసేపు మూలుగుతున్నట్టు చప్పుడు వచ్చింది, సరుకు మాత్రం కదల్లేదు. రహీం భాయ్ పంపు ఆపేసి, "లైన్ సో గయా, భాయ్" అన్నాడు. లైను నిద్రపోయిందట. కొబ్బరినూనె చలికి పేరుకున్నట్టే ఈ కాస్టిక్ కూడా పన్నెండు, పదిహేను డిగ్రీల దగ్గర గట్టిపడుతుందట. అందుకే ట్యాంకుకు లోపల వేడి ఏర్పాటు ఉంది. ట్యాంకర్ నుంచి ట్యాంకు దాకా వెళ్లే గొట్టానికి మాత్రం వేడి తీగ చుట్టి, దాని ప్లగ్గు కేబిన్‌లో పెట్టుకున్నారు. నిన్న గొట్టంలో మిగిలిన సరుకు రాత్రి గడ్డకట్టింది. తీగ పనిచేస్తుంటే కట్టేది కాదు.

అన్నయ్య తీగ వెంబడే వచ్చి కేబిన్‌లోకి అడుగుపెట్టాడు. ప్లగ్గు కింద వేలాడుతోంది. సాకెట్‌కు ఇస్త్రీపెట్టె తగిలించి ఉంది. పక్కనే మేకుకు, హ్యాంగర్ మీద, లేత నీలం చొక్కా. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది, ఆయనకు ఆ క్షణం కూడా పట్టలేదు.

"నేనేనే" అన్నాడు. "క్యాంపులో ఇస్త్రీపెట్టె కోసం పదిమంది. ఇక్కడ చేసుకుందామని నిన్న సాయంత్రం తెచ్చాను. ఆ ప్లగ్గు తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోయాను."

పదిహేనేళ్ల సర్వీసులో ఆ ప్లగ్గు ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి. నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆవిడకి చెప్పకే, నవ్వుద్ది" అన్నాడు.

తీగ తిరిగి తగిలించారు. గొట్టం మీద దుప్పట్లు, తార్పాలిన్ కప్పారు. వేడినీళ్లు పోస్తే తొందరగా కరుగుతుంది కదా అన్నాను. పైనుంచి పోస్తాం గానీ లోపలికి చుక్క పోకూడదు, పోతే చిమ్ముతుందన్నాడు. వేడి కూడా ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా ఇటు రావాలట. మధ్యలో ముందు కరిగితే, పోవడానికి దారి లేక గొట్టం పగులుతుంది. పోయిన చలికాలం పక్క యార్డులో ఒకతను ఒక్కడే ఉండి, కరిగిపోయి ఉంటుందిలే అనుకుని బిగింపు విప్పాడట. ఇప్పుడతనికి ఒక కన్నే ఉంది. అప్పటినుంచి లైను దగ్గర ఇద్దరు లేనిదే పని చేయకూడదని కట్టడి. ఆ రోజు ఆ ఇద్దరూ అన్నయ్య, రహీం భాయే. పోనీ మర్నాటికి వాయిదా వేద్దామంటే ట్యాంకర్‌లోని సరుకు కూడా చల్లబడుతోంది.

పదకొండింటికి సత్యవతి ఫోను చేసింది. అన్నయ్య చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు, మొహానికి అద్దం. ఫోను అరచేత్తో మూసి, కేబిన్ గుమ్మంలోంచి కేకవేసి ఏం చెప్పమంటావని అడిగాను.

"ఎప్పటికవుద్దో చెప్పలేనే. సాయంత్రం కూడా కావచ్చు. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "చిన్న పనండి, అయిపోవచ్చింది. వచ్చేస్తున్నాడు" అన్నాను.

ఇది మన నోటికి ఎంత తేలిగ్గా వచ్చే మాటో మీకు వేరే చెప్పాలా. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేస్తున్నా అంటాం. స్నానాల గదిలోంచి దార్లో ఉన్నా అంటాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా, ఇది అందులో ఒకటనుకున్నాను.

మధ్యాహ్నం రహీం భాయ్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. రెండో మనిషి లేడు గనక అన్నయ్య బిగింపులు ముట్టుకోకుండా, తీగ ఒక్కటే పనిచేసేలా వదిలి, కేబిన్ ముందు నిలబడి కాపలా కాశాడు. క్యాంపు మెస్సు నుంచి అన్నం, చేపల పులుసు వచ్చాయి. "యల్లా, కానీ, తినవే, చల్లారిపోద్ది" అని నాకు వడ్డించి, తను గొట్టం వైపే చూస్తూ నాలుగు ముద్దలు తిన్నాడు. కాసేపటికి తనే అన్నాడు, "రాలేనేమోనని చెప్పు. ఆవిడ వాళ్ల మేడంగారిని ఒక్కరోజు గడువడిగితే రేపు పొద్దున్నే నేనే బుదైయా వెళ్తాను. ఇష్టముంటే అడుగుద్ది."

చక్కటి మాట. ఆ మాటే చేరవేసి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది. రాలేనంటే ఆమె మనసు మార్చుకుంటుందేమో, గడువడగడానికి మొహమాటపడుతుందేమో అని నాకు నేనే అనేసుకుని, ఆమెకు ఫోను చేసి, "ఇంకొక్క గంటండి, వచ్చేస్తున్నాడు" అన్నాను. మూడున్నరకు నేనొక్కదాన్నే టాక్సీ ఎక్కి, దారిలోంచి ఫోను చేసి, మూడోసారి కూడా, "వచ్చేస్తున్నాం" అన్నాను.

సిత్రా నుంచి బుదైయాకు అరగంట, అయిదున్నర దినార్లు. దారి పొడుగునా విల్లాల గోడలు, వాటి మధ్య ఖర్జూర తోటలు, రోడ్డు పక్కన మొక్కలమ్మే నర్సరీలు. అలాంటి ఒక నర్సరీ ముందు, మేం కలుద్దామనుకున్న కరక్ చాయ్ కొట్టు ఉంది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. సత్యవతి మెరూన్ చీర మీద ఎవరిదో పెద్ద స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. నేను దిగాక ఆమె కారు రెండో తలుపు వైపు చూసింది. డ్రైవరు కారు తిప్పుకుని వెళ్లిపోయేదాకా అటే చూసింది.

"ఆయనగారేరండి?"

జరిగిందంతా చెప్పాను. గొట్టం సంగతి, రెండో మనిషి సంగతి చెప్పాను. చెప్పవద్దన్న ఇస్త్రీ సంగతి కూడా చెప్పేశాను. ఇస్త్రీ అనగానే ఆమె పెద్దగా నవ్వింది, ఆ నవ్వు చూసి ఇక గట్టెక్కామనుకున్నాను. టీ కప్పు పక్కన పెట్టింది.

"పని వదిలెయ్యలేదంటే మంచి మనిషే అక్కా" అంది. "కానీ ఆ మాట ఉంది చూశారా, వచ్చేత్తన్నాడు. మా ఆయన లారీ తోలేవాడు. బతికున్నన్నాళ్లూ వచ్చేత్తన్నా, వచ్చేత్తన్నా అనేవాడు. ఒక్క పూటన్నా ఆ మాటకి రాలేదు. అన్నం ముందెట్టుకుని కూకునేదాన్ని. రానని చెప్తే తిని తొంగునేదాన్ని కదండి. మళ్లీ ఆ మాట వింటా బతకడం నా వల్ల కాదు."

"ఆ మాట నాదండి, సత్యవతిగారూ. అన్నయ్య అనలేదు. చెప్పలేనని ఒకసారి, రాలేనేమోనని ఒకసారి చెప్పమన్నాడు. నేనే మార్చి చెప్పాను."

ఆమె నా చేయి పట్టుకుంది. జాలిగా చూసింది. "అన్నగారిని ఎనకేసుకొస్తున్నారు. మా ఆడపడుచు కూడా ఇలాగే చెప్పేదండి" అంది. ఇంకెంత చెప్పినా నమ్మలేదు. నిజం చెప్పినా చెల్లకుండా ఆ పొద్దున్నే నా మాట విలువ నేనే పోగొట్టుకున్నాను. అన్నయ్యకు ఫోను చేశాను, గ్లౌజుల చేతులతో ఎత్తే వీలులేక అది మోగి మోగి ఆగిపోయింది. ఆరింటికి ఆమె పనిచేసే ఇంటివాళ్ల కారు వచ్చింది. "ఆయనగారికి నా నమస్కారం చెప్పండి. చెయ్యి, మొఖం జాగర్తని చెప్పండి" అని ఎక్కింది.

ఏడు దాటాక అన్నయ్య వచ్చాడు. లైను తెరుచుకుందట, ట్యాంకర్ ఖాళీ అయిందట, ఎవరికీ ఏమీ కాలేదట. తల తడిగా ఉంది, నీలం చొక్కా వేసుకున్నాడు. చుట్టూ చూసి, "వెళ్లిపోయిందా?" అన్నాడు. ఆమె అన్నదంతా, నేను చేసిందంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"రాలేనేమోనని చెప్పమన్నాను కదే చిట్టీ" అని మాత్రం అన్నాడు. తర్వాత, ఆవిడ ఎక్కడ కూర్చుందని అడిగాడు. చూపించాను. దానికి ఎదురు కుర్చీలో కూర్చుని ఒక టీ తెప్పించుకుని తాగాడు.

సత్యవతి మస్కట్ వెళ్లిపోయింది. అక్కడి నెంబరు నాకు తెలియదు. ఆ రోజు గుర్తొస్తే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఏమిటంటే, ఆ గొట్టం దగ్గర పొద్దుటి నుంచి నా కళ్లెదురుగా ఇద్దరు మనుషులు ఒకే నియమం మీద పనిచేశారు. కరిగిందో లేదో తెలియనప్పుడు తెలియదనే అన్నారు. కరిగే ఉంటుందిలే అనుకున్నవాడి కన్ను సంగతి నాకు చెప్పారు కూడా. నేను అదంతా చెవులారా వింటూనే, కరగనిదాన్ని కరిగిందని ఫోనులో చెబుతూ కూర్చున్నాను. పెళ్లి చేయడానికి వెయ్యి అబద్ధాలు కావాలో లేదో నాకు తెలియదు, చెడగొట్టడానికి మూడు చాలు.

చలికాలంలో బహ్రెయిన్ వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. స్వెట్టర్ పట్టుకెళ్లండి. యార్డుల్లో, ప్లాంటుల్లో పనిచేసే మనవాళ్లను కలవాలంటే సెలవు రోజే కదా అని సాయంత్రానికి పెట్టుకోకండి, చలి రోజుల్లో వాళ్ల పని ఎప్పుడు తెములుతుందో వాళ్లకే తెలియదు. ఇద్దరి మధ్య కబురు మోయాల్సి వస్తే, మోయకండి. ఫోను తీసుకెళ్లి వాళ్ల చెవి దగ్గర పెట్టండి. చేతులకు గ్లౌజులుంటే, పసుపు గీత ఇవతలికి రమ్మని, మీరే పట్టుకోండి.