గడపని కొలవని టేపు

అనుకున్నది ఇది. ముందు అతను మెట్ల కింద గదిలోకి వెళ్తాడు, హ్యాండిల్ పట్టుకుని గాలి కంప్రెసర్ని లోపలికి లాగుతాడు, గోడవారగా పెడతాడు, చేతులు దులుపుకుని బయటికి వస్తాడు. మొదటి పని సక్రమంగానే జరిగింది. రెండోది సగమే అయింది. చక్రాలు గడప ఎక్కగానే పైనున్న పంపు తల ద్వారబంధం పైచెక్కకి తగిలింది. వెనక నుంచి మామగారు ఇంకాస్త ఉత్సాహంగా తోశారు. దాంతో అది చెక్కని కరుచుకుని అక్కడే స్థిరపడింది. లోపలికి రాదు, బయటికి పోదు. లోపలున్న మనిషి పరిస్థితీ అదే.

కార్లకి రంగులేసే ఈ మనిషిని షెడ్డులో అందరూ ‘టేపు’ అని పిలుస్తారు. జేబులో కొలతల టేపు లేనిదే గడప దాటడని ఆ పేరు. కంప్రెసర్ కొనేముందు గుమ్మం వెడల్పు కొలిచాడు, నేల నుంచి పైచెక్క దాకా ఎత్తు కొలిచాడు, షాపుకెళ్ళి దాని పొడవూ ఎత్తూ రెండేసిసార్లు కొలిచాడు. గడప ఒక్కటే లెక్కలోకి రాలేదు. నడక నేర్చిన నాటి నుంచీ దాటుకుంటూ పోయేదాన్ని ఎవరు కొలుస్తారు?

"ఏమండీ, లోపల గాలి ఆడుతోందా?" అని భార్య సందులోంచి తొంగిచూసింది. అతనికి ఆమె కన్ను ఒకటీ, ముక్కులో సగమూ కనిపించాయి.

"ఆడుతోంది."

"గాలి కోసమే కదమ్మా ఇంత తిప్పలు," అన్నారు మామగారు.

మామగారంటే ఒక్క మామగారే కాదు, షెడ్డు యజమాని కూడా. మీసాలు రాని రోజుల్లో అతని చేతికి స్ప్రే గన్ను ఇచ్చిందీ ఆయనే, తర్వాత పిల్లనిచ్చిందీ ఆయనే. రెండూ మంచి మనసుతోనే ఇచ్చారు. కాకపోతే పగలు యజమానిగా చెప్పిన మాటనే సాయంత్రం భోజనాల దగ్గర మామగారిగా మళ్ళీ చెప్పేవారు. ఏ రంగు ఎవరికి నప్పుతుందో ఆయనే తేల్చేవారు. అల్లుడు వేసిన రంగు ముందు నిలబడి, "మా చేతి పని చూశారా," అనేదీ ఆయనే. అందుకని అతను ఇంటిముందు రేకుల పందిరి వేసుకుని, ఇకమీద ఇక్కడే కార్లకి రంగులేసుకుంటానన్నాడు. మామగారు కాదనలేదు.

"మంచిదే. కాకపోతే ఇంట్లోకి చిన్న కంప్రెసర్ చాలు. చప్పుడుండదు, చంకలో పెట్టుకుని తిరగొచ్చు," అన్నారంతే.

తెలిసినవాళ్ళ దగ్గర అలాంటి చిన్నది అడిగి తెచ్చి, పాత బానెట్ మీద వేసి చూశాడు. సగం దాకా వెన్నలా పోయింది. ఆ తర్వాత గన్ను దగ్గింది, తుమ్మింది, బానెట్కి ఆటలమ్మ పోసినట్టు చుక్కలు పడ్డాయి. ట్యాంకు మళ్ళీ నిండేదాకా గన్ను పట్టుకుని పెళ్ళిలో తప్పిపోయినవాడిలా నిలబడ్డాడు. ఈలోగా తడి అంచు ఆరిపోయి బానెట్ మధ్యలో సరిహద్దు గీత ఏర్పడింది. అప్పుడర్థమైంది. ట్యాంకు బిందె లాంటిది, పంపు కుళాయి లాంటిది. ఒకపక్క తోడుతుంటే ఇంకోపక్క కుళాయి అందుకోగలగాలి. బిందె ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా వస్తే లాభం లేదు. గన్ను తాగే గాలికంటే కాస్త ఎక్కువే ఇచ్చే పంపున్నది చూసి, బెల్టుతో తిరిగే పెద్దది కొన్నాడు. రంగు తుంపర దాని ముక్కులోకి పోకూడదనీ, చప్పుడు ఇరుగుపొరుగు చెవుల్లోకి పోకూడదనీ దానికి మెట్ల కింద గది కేటాయించాడు. ప్రస్తుతం ఆ గదిలో తనున్నాడు.

బయట పీట జరిపిన చప్పుడైంది. మామగారు గుమ్మానికి ఎదురుగా కూర్చున్నారు.

"అల్లుడూ, ఎలాగూ ఎక్కడికీ పోలేవు కదా, ఒక మాట చెప్తాను విను."

"నాన్నా, ముందు ఆయన్ని బయటికి తీద్దాం," అంది భార్య.

"తీద్దామమ్మా. తీసి, దీన్ని షాపులో తిరిగిచ్చేద్దాం. చిన్నది తెచ్చుకోమను. డోర్లూ బంపర్లూ ఇంట్లో చేసుకోనీ. బానెట్లూ టాపులూ ఉంటే షెడ్డుకి తీసుకొస్తే సరి. మన షెడ్డే కదా."

అతను సందు దగ్గరికి మొహం తెచ్చాడు.

"అందుకా మామయ్యా, చిన్నది చాలన్నారు?"

మామగారు మీసం సర్దుకున్నారు. కూతురు ఆయన వంక చూసింది. ఆ చూపు ఆయన భార్య నుంచి వారసత్వంగా వచ్చింది, ఆయనకి బాగా తెలుసు.

"నా చేతులు వణుకుతున్నాయిరా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "అంచు దగ్గర గన్ను నిలవడం లేదు. కుర్రాళ్ళ ముందు పట్టుకోవాలంటే సిగ్గేస్తోంది. నువ్వొచ్చి నాలుగు బానెట్లు వేసి పోతుంటే ఎవరికీ తెలియదనుకున్నాను."

చీకట్లో అతను ట్యాంకుకి ఆనుకుని నిలబడ్డాడు. కోపం వచ్చుంటే బాగుండేది. జాలేసింది. కంప్రెసర్ పక్కనుంచి ఎలాగోలా దూరి బయటపడొచ్చేమో గాని, జాలిలోంచి అలా కుదరదు. రేపు ఒక బానెట్ అంటారు, ఎల్లుండి టాపు అంటారు, ఆపై వారం పందిట్లో పిచ్చుకలు గూడు పెట్టుకుంటాయి.

"నేను లాగుతాను, నువ్వు లోపల్నుంచి తొయ్యి. వచ్చేస్తుంది," అన్నారు మామగారు లేచి.

అతను ట్యాంకు మీద రెండు చేతులూ పెట్టాడు. తోస్తే నిజంగానే వెళ్ళిపోతుంది. బయటికి, అక్కణ్ణుంచి షాపుకి. చేతులు తీసేశాడు. వంగి, ట్యాంకు కిందనుంచి చెయ్యి దూర్చి, చక్రం తడిమాడు. వాల్వు మూత వేళ్ళకి తగిలింది.

"స్స్స్..." అని మొదలైంది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"గాలి తీస్తున్నారు నాన్నా."

"ఎవరిది?"

"చక్రాలది," అంది భార్య, పమిట నోటికి అడ్డం పెట్టుకుని.

రెండు చక్రాలూ చపాతీల్లా అణిగాయి. పంపు తల చెక్కని వదిలేసింది. అతను బలమంతా పెట్టి లాగాడు. కంప్రెసర్ గడప దిగి లోపలికి వచ్చి, అతన్ని గోడకి ఒకసారి మర్యాదగా నొక్కి ఆగింది. ట్యాంకు మీదుగా పాక్కుంటూ బయటికొచ్చాడు. మోకాళ్ళు నల్లబడ్డాయి, బనీను ఎక్కడో చిరిగింది.

చెమటైనా తుడుచుకోకుండా వైరు గుచ్చి స్విచ్చి వేశాడు. కంప్రెసర్ గుర్రుమంది. దాని మొదటి గాలితో దాని చక్రాలకే గాలి పెట్టాడు. గట్టిగా, బొటనవేలితో నొక్కినా దిగనంత గట్టిగా.

మామగారు వణికే చేతుల్ని వెనక్కి కట్టుకుని పైచెక్క వంకా, గడప వంకా, చక్రాల వంకా చూశారు.

"గాలి నింపేశావు కదరా, ఇక ఇది గడప దాటి షాపుకి కాదు కదా, వీధిలోకి కూడా రాదు," అన్నారు నిష్ఠూరంగా.

"అది రాదు మామయ్యా, షెడ్డుకి నేనూ రాను, మీరే ఇక్కడికి వస్తూ ఉండండి."