గరాజు నిండా గడ్డితాళ్ళు

హెండర్సన్ దాటి కొండల వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక పాత చెక్క ఇల్లు ఉండేది. దాని వెనక ఉన్న రెండు గదుల ఫ్లాట్‌లో మేం అద్దెకు దిగాం. దిగిన రోజున ఇంటావిడ గరాజు కూడా చూపించి, ఇది మీదే, కొంచెం సర్దాలి అంది. షట్టర్ సగం ఎత్తి, మేం వంగి చూసేలోపే మళ్ళీ దించేసింది. ఆ కొంచెం సర్దడానికి ఏడాది పైనే పట్టింది.

ఆమె జపాన్ మనిషి. డెబ్బై దాటిన వయసు, పిడికెడంత మనిషి. కొండల మధ్య వరి పండించే ఒక చిన్న పల్లెలో పుట్టింది. కలప ఓడల మీద పనిచేసే ఒక కివీని, అంటే ఈ దేశపు మనిషిని, పెళ్ళి చేసుకుని, వయసులో ఉండగానే ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయి అప్పటికి కొన్నేళ్ళు. మేం ఆమెని ఆంటీ అనేవాళ్ళం. మా మధ్య ఉన్న భాష ఇంగ్లీషే. ఆమెది ఒక యాస, నాది ఇంకో యాస. అందుకని కోపం వచ్చినప్పుడు అన్న మాటే మళ్ళీ అనాల్సి వచ్చేది, రెండోసారికి కోపం ఇంకాస్త పెరిగేది.

నేను అప్పుడే చదువు ముగించి ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనికి కుదిరాను. చీకటితోనే బయల్దేరాలి. మావారిది పాపటోయిటోయి దగ్గర గోడౌన్‌లో పని, ఆయన ఫ్రెండ్ వ్యాన్‌లో పోయేవారు. ఉన్న ఒక్క కారూ నాకే. జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో దిగిన బండి. వానలు మొదలయ్యాక అది రాత్రంతా బయట తడిసి, పొద్దున గుర్రుమనేదే తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. బానెట్ ఎత్తి, టార్చ్ నోట కరుచుకుని, వైర్ల మీద తేమని పాత చున్నీతో తుడిచేదాన్ని. ఒకరోజు అలాగే ఆలస్యమైంది. వంటగదిలో మా సూపర్‌వైజర్ ఆవిడ గడియారం వైపు చూసింది. సాయంత్రం ఇంటికి రాగానే నేరుగా ఆంటీ దగ్గరికి వెళ్ళి గరాజు ఖాళీ చేసి ఇమ్మని అడిగాను.

ఆమె సరేనని తాళం తీసింది. లోపల నడుమెత్తున గడ్డితాళ్ళు ఉన్నాయి. చేతి మందాన పేనిన తాళ్ళు, వాటికి తెల్ల కాగితం కత్తిరింపులు, ఎండి రాలుతున్న పైన్ కొమ్మలు, గుండ్రటి ఎర్ర కాగితపు బొమ్మలు, ప్లాస్టిక్ సంచుల్లో దారాలు కట్టిన చిన్న చిన్న తాయెత్తులు. పాత గడ్డివాము వాసన. కారు కాదు కదా, సైకిల్ పెట్టే చోటు కూడా లేదు.

ఇవన్నీ పారేద్దాం అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను ఎవరి శవాన్నో చెత్తబండిలో వెయ్యమన్నట్టు చూసింది.

తర్వాత టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళ పల్లెలో కొత్త సంవత్సరానికి ప్రతి గుమ్మానికీ గడ్డితాడు కడతారట. జనవరి నడిమికి వాటిని విప్పాలి. విప్పినవి చెత్తలో వెయ్యకూడదు, కాల్చాలి. అదీ ఎవరింట్లో వాళ్ళు కాదు, ఊరంతా ఒక్కచోట. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి తాళ్ళూ కొమ్మలూ పోగుచేస్తారు. మగవాళ్ళు మంచు కప్పిన పొలంలో వెదుళ్ళతో గోపురంలా కట్టి, అందులో ఇవన్నీ కూరి నిప్పు పెడతారు. వెదురు కణుపులు టపటపా పేలితే ఊళ్ళో చెడు పారిపోతుంది. ఆ నిప్పుల మీద బియ్యప్పిండి ఉండలు కొమ్మకి గుచ్చి కాల్చుకుని తింటే ఏడాదంతా జలుబు రాదు.

వింటుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. జనవరి నడుమ, చలిలో, తెల్లారకముందే, పాత చీపుళ్ళూ తట్టలూ పోగేసి మేం వేసుకునేది కూడా మంటే. మా కృష్ణా జిల్లాలో దాన్ని భోగి అంటాం అని చెప్పాను. ఆమె ఆ మాటని రెండుసార్లు పలికి చూసుకుని, మరి ఇంకేం, నీకు తెలుసు కదా, తాడు పారేయకూడదని, అంది. నాకు తెలిసిన సంగతి నా నెత్తికే చుట్టుకుంది.

ఆమె భర్త బతికి ఉన్నన్నాళ్ళూ పెరట్లో ఒక ఇనప డ్రమ్ములో ఆమె తాళ్ళు కాల్చి ఇచ్చేవాడట. ఆ తర్వాత వేసవిలో ఆరుబయట మంటల మీద నిషేధం పెట్టారు. జపాన్‌లో జనవరి అంటే మోకాలి లోతు మంచు. ఇక్కడ జనవరి అంటే గడ్డి పెళపెళలాడే ఎండ, నిప్పురవ్వ పడితే కొండ అంతా అంటుకుంటుంది. నిషేధం న్యాయమే. కానీ ఆమె తాళ్ళు మాత్రం ఆ ఏడాది నుంచి గరాజులో చేరడం మొదలయ్యాయి. పైగా అవి ఆమెవి మాత్రమే కావు. న్యూ లిన్ నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో జపాన్ కుటుంబాలు, పద్ధతి తెలిసిన పెద్దావిడ అని, పండగైపోగానే తమ ఇంటి తాళ్ళూ బొమ్మలూ తెచ్చి ఈవిడకి అప్పగించి పోయేవాళ్ళు. ఆ తర్వాత వాటి సంగతేమైందని ఒక్కరూ అడగలేదు.

ఆ జనవరిలో నా కళ్ళారా చూశాను. నేను బట్టలు ఆరేసుకుంటుంటే ఒక చక్కటి కారు వచ్చి ఆగింది. ఒకావిడ దిగి, సంచి రెండు చేతులతో ఆంటీకి అందించి, వంగి వంగి దణ్ణాలు పెట్టి, ఇంజన్ కూడా ఆపకుండా వెళ్ళిపోయింది. ఆంటీ ఆ సంచిని మోసుకుంటూ గరాజు వైపు నడిచింది. నా కారు మల్బరీ చెట్టు కింద పిట్టల రెట్టలతో నిలబడి ఉంది.

అదే వారం ఇక్కడి మా తెలుగువాళ్ళు ఒక స్కూలు హాల్లో భోగి చేశారు. వెళ్ళాం. స్టేజీ మీద నాలుగు కట్టెలు నిలబెట్టి, మధ్యలో ఎర్ర కాగితం ముక్కలు కట్టి, కింద టేబుల్ ఫ్యాను, ఒక బల్బు పెట్టారు. ఫ్యాను తిరిగితే కాగితం మంటలా రెపరెపలాడింది. అందరూ ఫొటోలు దిగారు. బాగుందా అని పక్కనున్నావిడ ఎవరో అడిగితే బాగుందన్నాను. కారెక్కాక మావారితో, "ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చి ఫ్యాను చూసి పోతున్నాం" అన్నాను. ఆయన, "మరి ఏం చేయమంటావు, హాలు తగలబెట్టమంటావా" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అదే నాకు మరీ చిరాకు.

ఇంటికొచ్చి ఆ ఊపులోనే ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ చలికాలం జూలైలో, అప్పుడు నిషేధం ఉండదు, మీ స్థలం పెద్దది, అప్పుడు కాల్చేద్దాం అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. జనవరి పదిహేను అంటే పదిహేనే అంది. మంచులో చేసే పండగని ఎండలో ఎలా చేస్తారు, చలిలో చేస్తేనే కదా దానికి అర్థం అని నేను. తేదీ మార్చితే అది చెత్త కాల్చడం అవుతుంది తప్ప పండగ కాదని ఆమె. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నేను, మీ ఊరి వాళ్ళని అడగండి, వాళ్ళు ఏమంటారో చూద్దాం అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది.

"మా ఊళ్ళో మానేశారు," అంది. "చెల్లెలు ఫోన్లో చెప్పింది. తాళ్ళు పోగు చెయ్యడానికి ఊళ్ళో పిల్లలు లేరట. ఇప్పుడు ఎవరి తాళ్ళు వాళ్ళు సంచిలో కట్టి మునిసిపాలిటీ బండికి వేస్తున్నారు."

నాకు జాలి కలగాల్సింది. కొంచెం కలిగింది కూడా. కానీ నిజం చెప్పాలంటే ముందు వచ్చింది కోపమే. సొంత ఊరే వదిలేసిన పండగ ఇక్కడ నా కారుకి అడ్డంగా కూర్చుందే అనుకున్నాను. అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత ఆమే మా తలుపు తట్టింది. జూలైకి సరే అంది. ఇంకే వివరణా ఇవ్వలేదు.

జూలై వచ్చింది. శనివారాలే మా ఇద్దరికీ కుదిరేది, శనివారాలన్నీ వానే. ఒకసారి పొద్దున్న ఎండ కాసిందని తాళ్ళు సగం బయటికి మోసుకొచ్చాం, మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, మళ్ళీ లోపలికి మోశాం. ఎండుగడ్డి మెడలో, బ్లౌజులో గుచ్చుకుని రెండు రోజులు దురద. మావారు గుమ్మంలో నిలబడి, "రెంట్ కట్టేది మనం, మోసేది మనం" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఒక పొడి శనివారం దొరికింది. వెదుళ్ళు లేవు. ఆమె పెరటి చివర నుంచి పొడవాటి కొమ్మలు కొట్టించి గోపురంలా నిలబెట్టాం. ఊరంతా చేసే పని ముగ్గురం చేస్తున్నాం. ఒక పక్క కడితే ఇంకో పక్క ఒరిగేది. ఆమె బియ్యప్పిండి ఉండలు పళ్ళెంలో పెట్టుకుని, మంచి కోటు వేసుకుని వచ్చింది. అగ్గిపుల్ల ఆమే గీసింది. తాళ్ళు లోలోపల చెమ్మ పీల్చుకుని ఉన్నాయని అప్పుడు తెలిసింది. మంట లేవలేదు, పొగ లేచింది. పచ్చగా చిక్కగా లేచి, కంచె దాటి, పక్కింటి ఆరేసిన దుప్పట్ల మీదుగా పోయింది. మావారు అట్టముక్కతో విసురుతూనే ఉన్నారు. అంతలో రోడ్డు మీద ఫైరింజన్ ఆగింది.

వచ్చినవాళ్ళు మర్యాదస్తులే. పక్కింటి వాళ్ళు ఫోన్ చేశారని, పొగ ఎక్కువగా ఉందని, ఆర్పక తప్పదని చెప్పి గొట్టం పట్టారు. గోపురం కూలింది. మా ముందు మిగిలింది నల్లటి, తడి గడ్డి గుట్ట. అందులోంచి ఒక ఎర్ర బొమ్మ సగం మాడిన మొహంతో బయటికి తేలింది. ఆంటీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది.

ఇక నా వల్ల కాలేదు. "ఆంటీ, ఇవి తెచ్చి పడేసిన వాళ్ళంతా ఎక్కడ? ఇది వాళ్ళ పండగ. నాది కూడా కాదు. నాకు పండగొస్తే ఫ్యాను పెట్టుకుంటున్నాను. మీరు ఒక్కరు, పక్కన నేను, ఊరు చెయ్యాల్సిన పని ఎలా చేస్తాం?" అన్నాను. ఫైరింజన్ వాళ్ళు గొట్టం చుట్టుకుంటూ వేరే వైపు చూశారు.

"నాకు తెలుసు," అందామె. "అందుకే ఇన్నాళ్ళూ కాల్చలేదు."

ఆ తర్వాత చాలా రోజులు మేం మాట్లాడుకోలేదు. మిగిలిన తాళ్ళు గరాజులోనే ఉన్నాయి, తడిసినవి పెరట్లో కుళ్ళుతున్నాయి.

దారి చూపింది రోడ్డుకి ఆ చివర ద్రాక్షతోట ఉన్న ముసలాయన. తాతల కాలంలో యూరప్ నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసిన కుటుంబం. ఫైరింజన్ సంగతి ఊరంతా తెలిసినట్టే ఆయనకీ తెలిసింది. ఒకరోజు నేను మా వీధి డెయిరీ కొట్టులో పాలు కొంటుంటే పలకరించి, ఆగస్టులో తీగలు కత్తిరించాక తోట మధ్యలో గుట్ట వేసి కాలుస్తాననీ, చిన్నప్పటి నుంచీ ప్రతి ఏడూ అదే పని అనీ, మీ గడ్డి కూడా పట్టుకొచ్చి పడెయ్యండనీ అన్నాడు. ఆంటీకి చెప్పడానికి వెళ్ళాను. ఆమె ఒకటే అడిగింది, అక్కడ పక్కిళ్ళు ఉన్నాయా అని. లేవన్నాను.

మావారి ఫ్రెండ్ వ్యాన్ అడిగి తీసుకుని మోశాం. ముసలాయన గుట్ట ఇల్లంత ఉంది. మా తాళ్ళన్నీ దాని మీద విసిరేశాక కూడా అది పెరిగినట్టు కనిపించలేదు. ఆంటీ ఏదో చెప్పబోయేలోపే ఆయన డీజిల్ చల్లి లైటర్ వెలిగించాడు. భగ్గుమంది. ఏళ్ళ తరబడి పోగైన తాళ్ళు చూస్తుండగానే అయిపోయాయి. కనీసం ఒక నమస్కారానికి కూడా టైము దొరకలేదు. ఉండలు కాల్చబోతే సెగకి దగ్గరికి పోలేకపోయాం. పుల్లతో సహా ఒకటి అందులో పడిపోయింది. ఇంకోటి పైన బొగ్గు, లోపల పచ్చి. ఆమె దాన్ని రెండు ముక్కలు చేసి నాకు ఒకటి ఇచ్చింది. తిన్నాం. నోట్లో మసి తప్ప రుచేమీ తెలియలేదు.

"ఇంత తొందరగా కాదు," అంది. "మా ఊళ్ళో చాలాసేపు మండేది." అలా అని ముసలాయనకి మాత్రం నడుము వంచి దణ్ణం పెట్టింది. ఆయన బూట్లతో బూడిద తోస్తూ, వచ్చే ఏడు కూడా తెచ్చుకోండి అన్నాడు.

గరాజు ఊడ్చాను. కారు లోపల పెట్టాను. అంతటితో నా చిరాకు తీరుతుందనుకున్నాను. తీరలేదు. జనవరి వచ్చేసరికి సంచులతో కార్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి గేటు దగ్గర నేనే నిలబడ్డాను. తాళ్ళు తీసుకుంటాం, కానీ మంట ఆగస్టులో, ద్రాక్షతోటలో, మీరు వచ్చి మీ చేత్తో వెయ్యాలి అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఒకావిడ మొహం ముడుచుకుని ఆగస్టులో ఎలా కుదురుతుంది అంది. నేను పనిలో ఉన్నప్పుడు కొన్ని సంచులు కంచె మీదుగా లోపలికి వచ్చి పడ్డాయి. ఆంటీ వాటిని తీసి పక్కన పెట్టింది.

ఆ ఆగస్టులో రెండు కుటుంబాలు వచ్చాయి. వస్తామన్నవాళ్ళలో సగం కూడా కాదు. ఆంటీ ముసలాయనతో ముందే మాట్లాడుకుని, ఆయన తీగలు పూర్తిగా మండి నిప్పులయ్యేదాకా మమ్మల్ని ఆపింది. డీజిల్ వద్దంది. ఆయన గొణిగాడు గానీ సరే అన్నాడు. తాళ్ళు ఒక్కొక్కటిగా వేశాం. ప్రతి తాడుకీ ఆమె ఏదో పొట్టి మాట గొణిగింది, కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఆమె వెనకే అన్నారు. నేను ఇంట్లోంచి తెచ్చిన పాత చీపురు కూడా వేశాను. ఎవరూ ఏమిటని అడగలేదు. గాలి తిరిగి పొగ మా మీదికి వచ్చింది. అందరం కళ్ళు తుడుచుకుంటూ గుట్టకి అవతలి పక్కకి జరిగాం.