జవాబులో కట్టిన మరుగుదొడ్లు

నీలమ్మ మాదన్నపేట దగ్గరి ఒక గల్లీ సంతలో ఇరవై ఆరేళ్లుగా ఆకుకూరలు అమ్ముతోంది. పొద్దున ఐదింటికి గోనెపట్టా పరిస్తే సాయంత్రం నాలుగింటి దాకా లేవదు. అంతసేపూ గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్లు తాగదు. తాగితే పోవడానికి చోటు లేదు. మగవాళ్లకైతే ట్రాన్స్‌ఫార్మర్ వెనక గోడ ఉంది. పక్కన టమాటాలు అమ్మే శారదమ్మ అలా ఓర్చుకుని ఓర్చుకుని రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. రెండోసారి డాక్టరు కిడ్నీలు సగం పాడయ్యాయన్నాడు.

ఆ వర్షాకాలం సమావేశాల్లో లోక్‌సభ సభ్యురాలు ఒకామె, నగరంలో వీధి వ్యాపారం చేసే ఆడవాళ్లకు ఏ సదుపాయాలున్నాయని మంత్రిని అడిగింది. మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చాడు. జెరాక్స్ షాపులో పనిచేసే నీలమ్మ కూతురు రూప దాన్ని ఫోన్లో చదువుతూ ఒకచోట ఆగిపోయింది. జవాబు చివర పట్టికలో వాళ్ల సంత పేరుంది. ఎదురుగా, మహిళల మరుగుదొడ్లు నాలుగు, పని పూర్తయింది, వాడకంలో ఉన్నాయి అని ఉంది.

నీలమ్మ మూడుసార్లు చదివించుకుంది. కట్టకపోవడం ఆమెకు కొత్త కాదు. అర్జీలు పెట్టీ పెట్టీ అది అలవాటైపోయింది. కానీ వాడుతున్నారని రాశారు. తనూ శారదమ్మా రోజూ వాడుతున్నట్టు అంత పెద్ద సభకు చెప్పారు.

మర్నాడు ఆమె పట్టా పరవలేదు. రూపనూ, సంతలోని తొమ్మిదిమంది ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకు పోయింది. అక్కడి అధికారి పురుషోత్తం ఆ కాగితం చూసి, పైనుంచి ఫారం వస్తే నింపి పంపామన్నాడు. మంజూరైనవి పూర్తయినవాటిలో కలిసి ఉంటాయని, పార్లమెంటు సంగతిలో లొల్లి చేయొద్దని మెల్లగా నచ్చజెప్పాడు.

నీలమ్మ అతని టేబుల్ మీది నీళ్ల సీసా అందుకుంది. గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగి, ఖాళీ సీసా అతని ముందు పెట్టింది.

"ఇగ చూపియ్యి సార్. ఢిల్లీకి రాసి పంపినవు కదా. గా నాలుగింట్ల ఏదన్న ఒకదానికి తోలుకపో."

అతను కంగారుగా స్టాఫ్ బాత్రూం వైపు చెయ్యి చూపించాడు.

"గది మీది. నాకు నువ్వు రాసింది గావాలె."

మిగతా ఆడవాళ్లు కూలర్ దగ్గరికి పోయి గ్లాసులు నింపుకుని తాగడం మొదలుపెట్టారు. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ కదల్లేదు. పావుగంట తర్వాత పురుషోత్తం లేచి వాళ్లతోపాటు సంత దాకా నడిచాడు. ట్రాన్స్‌ఫార్మర్ గోడ దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. రూప అదంతా ఫోన్లో తీసి సభ్యురాలి ఆఫీసుకు పంపింది.

చలికాలం సమావేశాల్లో సభ్యురాలు మళ్లీ అడిగింది. ఈసారి మంత్రి లేచి నోటితో చెప్పాల్సి వచ్చింది. రాష్ట్రం పంపిన సమాచారమే ఇచ్చామన్నాడు. అక్కడికెవరైనా వెళ్లి చూశారా అని ఆమె అడిగితే, తెలుసుకుంటామన్నాడు. సమావేశాలు ముగిసేలోగా సవరణ ప్రకటన వచ్చింది. నాలుగు అన్నచోట లేవు అని చదువుకోవాలట. పొరపాటుకు చింతిస్తున్నారట.

వేసవికి రెండు కట్టారు. అప్పటికి శారదమ్మ సంతకు రావడం మానేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. గెలిచావని అందరూ మెచ్చుకుంటుంటే నీలమ్మకు ఒళ్లు మండింది. రూపను కూర్చోబెట్టి సభ్యురాలికి ఉత్తరం రాయించింది.

"పొరపాటైందన్నరు. ఎవరు చేసిండ్రో పేరు చెప్పిండ్రా బిడ్డా?"

లేదంది రూప.

"గయితే గది అడగమను. మేం వాడుతున్నమని సంతకం పెట్టినోని పేరు గా సభల చదవమను."

నెలైనా జవాబు రాలేదు. నీలమ్మ రెండో ఉత్తరం రాయించింది.